బహుశాస్త్ర పదకోశములలో సంగ్రహ నిర్వచనము

సాలెవాని మాటయు, వైద్యుని మాటయు, జ్యోతిషికుని మాటయు, వైయాకరణుని మాటయు ఒకే యకారాదిక్రమమున ఒకదాని క్రింద నొకటి నిలిచి, రెండేసి పంక్తులలో వివరింపబడు గ్రంథములు మన భాషలో నేడు పెక్కు కలవు. వీనిని పదకోశములనియు, పారిభాషిక నిఘంటువులనియు, విజ్ఞానకోశములనియు పిలుచుచున్నాము. పేరేదైనను వీని పని యొకటియే: తనది కాని శాస్త్రమునుండి వచ్చిన మాట యెదురైనప్పుడు చదువరి ఆగిపోకుండ చూచుట. కావ్యపరిశోధకునకు సంగీతపు మాట తగులును. శాసనములు చదువువానికి కొలతల మాట తగులును. పల్లెపాటలు సేకరించువానికి సేద్యపు మాట తగులును. అతడు కోశము తెరచి ఆ రెండు పంక్తులను చూచును. పెక్కుమార్లు వానినే తన సిద్ధాంతవ్యాసములోనికి ఎత్తి వ్రాసికొనును. ఆపై ఆ మాటను గూర్చి అతడు చేయు తర్కమంతయు వాని మీదనే నిలుచును. కావ్యములోని యొక పద్యమునకు మనము పది పుటల విమర్శ వ్రాయుదుము. ఇంత బరువు మోయుచున్న కోశవాక్యమునకు ఒక్క పంక్తి విమర్శ వ్రాయము. ఆ విచారణమునే మేమిచ్చట చేయబూనితిమి.

ముందుగా 'నిర్వచనము' అను మాటనే చూతము. యాస్కుని నిరుక్తమునాటినుండి సంస్కృతమున దీనికి ప్రధానార్థము పదమును విడదీసి వ్యుత్పత్తి చెప్పుట. నేటి తెలుగున దీనినే మనము వస్తులక్షణము చెప్పుటకును వాడుచున్నాము. ఒకే మాట రెండు పనులకు నిలుచుటచే కోశకర్తలు కొందరు మొదటి పని చేసి రెండవది కూడ చేసితిమని తృప్తిపడుచున్నారు. బురదలో పుట్టినది పంకజమనుట వ్యుత్పత్తి. బురదలో పుట్టినవన్నియు పంకజములు కావు. ఈ చిక్కును నైయాయికులు ఎన్నడో గుర్తించి, అవయవార్థమును రూఢియును కలిసి పనిచేయు ఇట్టి పదములకు యోగరూఢములని పేరు పెట్టిరి. పంకజము విషయమున నష్టము లేదు; తామర నెరుగని తెలుగువాడుండడు. నష్టము కలుగునది శాస్త్రపదముల యెడ. ఆక్సిజనునకు మన తొలితరపు విజ్ఞానరచయితలు వాడిన పేరు ఆమ్లజని. 18వ శతాబ్దమున లవోయిసియే పెట్టిన పేరునకు అది సరియైన తెనిగింపు. ఆమ్లములన్నిటికిని ఈ వాయువే మూలమని అతడు నమ్మెను. 1810లో డేవీ క్లోరిను ఒక మూలద్రవ్యమని చూపుటతో హైడ్రోక్లోరికామ్లమున ఆక్సిజను లేదని తేలిపోయెను. పేరు మిగిలెను, పేరులోని సిద్ధాంతము పోయెను. 'ఆమ్లములను పుట్టించు వాయువు' అని వ్రాసి యూరకుండు కోశము రెండు వందల యేండ్ల క్రిందట వీగిపోయిన మతమును చదువరికి నేర్పుచున్నది. ఉదజని విషయమున ఇదే పద్ధతి చెల్లినట్లు కన్పట్టును. ఆ వాయువు మండినప్పుడు నిజముగనే నీరు పుట్టును. అది కేవలము అదృష్టము.

లక్షణము చెప్పు విద్య మనకు క్రొత్త కాదు. 17వ శతాబ్దమున అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమే యొక చిన్న నిర్వచనకోశము. ద్రవ్యము, గుణము, కర్మ మొదలుకొని అభావము వరకు ఏడు పదార్థములను, వాని యవాంతరభేదములను, ఒక్కొక్కదానికి ఒక్కొక్క చిన్న వాక్యముతో కొలది పుటలలో అతడు ముగించెను. దానికి తానే వ్రాసికొన్న దీపికలో లక్షణమునకు పట్టు మూడు దోషములను గోవు నుదాహరణముగా గొని చూపెను. గోవనగా కపిలవర్ణము కలది యనినచో తెల్లని యావు తప్పిపోవును, ఇది అవ్యాప్తి. కొమ్ములు కలది యనినచో గేదెయు మేకయు వచ్చి చేరును, ఇది అతివ్యాప్తి. ఒంటిగిట్ట కలది యనినచో ఏ యావును మిగులదు, ఇది అసంభవము. గంగడోలు కలది యనినచో మూడు దోషములును తొలగును. చిన్న వాక్యమునకు బలము ఆ గంగడోలువంటి ధర్మము నేరుకొనుటలో నున్నది. మాటలను తగ్గించుట దాని తరువాతి పని.

అయితే న్యాయశాస్త్రపు కొలబద్దను ఉన్నదున్నట్లు కోశములకు పెట్టుటకు మేమంగీకరింపము. పృథివికి గంధమే లక్షణమని ఆ శాస్త్రము చెప్పును. జలతేజోవాయువులకు గంధము లేదని ముందే యొప్పుకొన్నవానికి ఆ లక్షణము నిర్దుష్టము. ఆ యొప్పుదల లేనివాడు గంధమును పట్టుకొని పృథివిని గుర్తింపలేడు. తార్కికుడు తనతో సమానుడైన ప్రతివాదిని ఎదుట నుంచుకొని వ్రాయును. కోశకర్త యెదుటనున్నవాడు ఆ విషయమున ఏమియు నెరుగనివాడు. అట్టివానికి ఒక్కొక్కప్పుడు ఉపలక్షణమే మేలు. దేవదత్తుని యిల్లేదని యడిగినవానికి కాకి వ్రాలిన యిల్లని చూపుట మన శాస్త్రములందు సుపరిచితమైన దృష్టాంతము. కాకి యింటి స్వరూపములో చేరదు. కొంతసేపటి కది యెగిరిపోవును. అడిగినవాడు మాత్రము ఇల్లు చేరును.

ఈ రెండు కొలతలతో మన పూర్వకోశములను చూతము. అమరసింహుడు లక్షణములు చెప్పుటకు పూనుకొనలేదు. స్వర్గవర్గు మొదలుగా విషయానుసారముగా నామములను, వాని లింగములను కూర్చెను. వస్తువేదో చూపు భారము గురువుది. ఆ తరువాత గురుబాలప్రబోధికవంటి టీకలది. తెలుగున పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును, కస్తూరి రంగకవి సాంబనిఘంటువును పద్యములలో ఆ త్రోవనే నడిచినవి. వల్లెవేయు విద్యకు అది చాలెను. అచ్చుపుస్తకము గురువు స్థానమును ఆక్రమించిన పిదప చిక్కు వచ్చినది. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము పదరూపములను, కవిప్రయోగములను చూపుటలో నేటికిని ఆశ్రయింపదగిన గ్రంథము. కాని చెట్టును, పక్షిని, చేపను వివరింపవలసినచోట అదియు, ఆ కోవకు చెందిన యితర నిఘంటువులును పెక్కుమార్లు వృక్షవిశేషము, పక్షివిశేషము, మత్స్యవిశేషము అని చెప్పి దాటిపోవును. జాతిని మాత్రము చెప్పి వ్యావర్తకధర్మమును విడిచిన యీ వాక్యమున అతివ్యాప్తికి హద్దు లేదు; ప్రపంచమందలి ప్రతి చెట్టునకును అది చెల్లును. విశేషమును చెప్పలేదనుటకు 'విశేషము' అను మాటయే గుర్తుగా నిలుచుట వింత. అయినను ఆ పండితులను నిందించుట న్యాయము కాదు. ఆ చెట్టు వారి పెరటిలో నుండెను. చదువరి పెరటిలోను ఉండెను.

సి. పి. బ్రౌను 1852లో ప్రకటించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు పరిస్థితి వేరు. ఆయన చదువరి సముద్రము దాటి వచ్చినవాడు. ఆ చెట్టును చూచి యెరుగడు, ఆ పనిముట్టును పట్టి యెరుగడు. కావున బ్రౌను చెట్లకు లాటిను శాస్త్రనామములు చేర్చెను. జనుల నోటి వాడుకను చేర్చెను. వ్యుత్పత్తులయందు ఆయన తడబాటులను చూపుట కష్టము కాదు, పలువురు చూపియున్నారు కూడ. కాని వస్తుపదముల వివరణమున ఆయనకు కలిసివచ్చినది చదువరి యజ్ఞానమే. మేమీ సంగతి నిచ్చట నొక్కి చెప్పుటకు కారణము కలదు: నేటి మన విద్యార్థి ఆ పరదేశి స్థితికే వచ్చియున్నాడు. అతని పెరటిలో ఆ చెట్టు లేదు. అతని యూర ఆ పనిముట్టు లేదు.

మోట, ఏతాము, గూడ అను మూడు మాటలను తీసికొందము. మూడింటికిని 'నీరు తోడు సాధనము' అని వ్రాయుట సులభము. ఆ వాక్యములో అసత్యము లేదు. కాని మోటను లాగునవి ఎడ్లు. అవి బావి యొడ్డునుండి వాలుదారిన క్రిందికి నడువగా గిలక మీది మోకు బిగిసి, నీటితో నిండిన తోలుతిత్తి పైకి వచ్చి కాలువలో కుమ్మరించును. రాయలసీమవారు దానినే కపిలి యందురు. ఏతామునకు ఎడ్లతో పని లేదు. నిలువుకంబము మీద త్రాసుకోలవలె ఆడు పొడవైన దూలము పైకెక్కి మనుష్యుడు ముందునకును వెనుకకును నడచుచుండగా, కొనకు వ్రేలాడు బాన మునిగి లేచుచుండును. గూడ యనునది బుట్ట. ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా నిలిచి, దానికి కట్టిన త్రాళ్లను పట్టి యూపి, లోతు లేని కాలువలోని నీటిని మీది మడిలోనికి చిమ్ముదురు. ఏ బలముతో, ఎందరితో, ఎంత లోతునుండి యను మూడు ప్రశ్నలకు జవాబు చెప్పిన వాక్యమే ఈ మూడింటిని విడదీయగలదు. ఇది పనిముట్ల పేర్ల తగవు మాత్రము కాదు. మోట యున్నదనిన ఆ రైతునకు ఎడ్లజత యున్నదని యర్థము. గూడ యనిన రెండు జతల చేతులు తప్ప వేరేమియు నక్కరలేదని యర్థము. ఏతపు పాటలోని నడక దూలము మీది అడుగుల నడక. 'నీరు తోడు సాధనము' అను వివరణమును నమ్మి ఆ పాటకు ఛందస్సు నిర్ణయింపబోవు పరిశోధకుడు మాత్రలను లెక్కించును, అడుగులను లెక్కింపడు.

మరియొక సంగతి. తెలుగువారు మోట తోలుదురు, ఏతాము త్రొక్కుదురు, గూడ వేయుదురు. క్రియయే వ్యావర్తకము. నామమునకు లక్షణము వ్రాయుచు దానితో జోడుకట్టిన క్రియను విడుచుట మన కోశములలో సర్వసామాన్యమైన లోపము. ఒక్కమాట చేర్చినచో రెండు పంక్తుల పని జరుగును. మగ్గమున నిడుపుగా సాచినది పడుగు, అడ్డముగా నడుచునది పేక యని చెప్పుచు, ఆ పేకనూలును మోసికొని పడుగు నడుమ అటునిటు పోవునది నాడె యని కలిపి చెప్పినచో మూడు మాటలును ఒకదానినొకటి వెలిగించును. అకారాదిక్రమము వానిని మూడు చోట్లకు చెదరగొట్టును గాని, కోశకర్త ఒకచోటినుండి మరియొకచోటికి దారి చూపుటకు ఆ క్రమము అడ్డురాదు.

ఈ విషయమున మన యెదుటనున్న ఉత్తమమైన మాదిరి మాండలిక వృత్తిపదకోశము. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మొదటి సంపుటము వ్యవసాయపదములది. 1971లో వెలువడిన రెండవది చేనేతది. పదములు గ్రంథములనుండి గాక, ఆయా పనులు చేయువారి నోటినుండి జిల్లాల వారిగా సేకరింపబడినవి. దీనివలన కలిగిన లాభము భాషాశాస్త్రమునకే యని తలచుట పొరపాటు. పని చేయువాడు తన పనిముట్టును 'విశేషము' అని యెన్నడును చెప్పడు. దాని ప్రక్కనున్న పనిముట్టుకంటె అది యెట్లు వేరో చెప్పును. నాగలి ఒక చాలు తీయును, విత్తు గొర్రు ఒక్కసారిగా పెక్కు చాళ్లు తీయుచు గింజను కూడ విడుచును అని సేద్యగాడు చెప్పిన మాట అన్నంభట్టు గంగడోలునకు సాటివచ్చు లక్షణమే.

కొలతల మాటలయందు వేరొక దోషము తరచు పట్టును. సోల యనగా తవ్వలో సగము. తవ్వ యనగా రెండు సోలలు లేక మానికలో సగము. మానిక యనగా రెండు తవ్వలు. ప్రతివాక్యమును నిజమే. మూడింటిని చదివినవానికి ఎంత ధాన్యమో మాత్రము తెలియదు. తార్కికులు దీనిని అన్యోన్యాశ్రయమందురు; లోకమున దీనికి అంధపరంపరాన్యాయమని పేరు. ఎచ్చటనో యొకచోట ఈ వరుసనుండి వెలుపలికి అడుగిడి, ఫలాని సీమలో ఫలాని కాలమున ఇది యిన్ని లీటరులని చెప్పకతప్పదు. ఒకే పేరుగల మానము సీమసీమకు మారుచుండెను గావున సీమ పేరు లేని అంకె మోసపుచ్చును. భౌతికశాస్త్రజ్ఞులు కూడ ఈ చిక్కునుండియే బయటపడవలసివచ్చెను. 1889 నాటి మీటరు ఒక లోహపు కడ్డీ. 1960లో అది క్రిప్టాను కాంతితరంగముల లెక్కయైనది. 1983నుండి శూన్యమున కాంతి సెకండులో 299,792,458వ వంతు కాలమున పోవు దూరము. ఇంతకంటె నిర్దుష్టమైన లక్షణము లేదు. అయినను ఇది మాత్రమే వ్రాసిన బహుశాస్త్రకోశమునకు మేము మంచి మార్కులు వేయము. 'రెండు మూరలకు కొంచెమెక్కువ' అను కాకిని కూడ ఆ యింటి మీద వ్రాలనీయవలెను.

బహుశాస్త్రకోశమునకు మాత్రమే చెందిన కష్టము వేరొకటి కలదు. ఒకే మాట పెక్కు శాస్త్రములలో కాపురముండును. గుణమనగా నైయాయికునకు ఇరువదినాలుగు, సాంఖ్యునకు మూడు, వైయాకరణునకు అ, ఏ, ఓ అను అచ్చులు, ఆలంకారికునకు మాధుర్యాదులు, విలుకానికి అల్లెత్రాడు. వ్యాకరణమున గుణమను పేరు కేవలము సంజ్ఞ. దానికి లక్షణము వెదకుట వృథా, జాబితా చెప్పినచో నిర్వచనము ముగిసినట్లే. ఆలంకారికుల గుణమునకు జాబితా చెప్పిన ఏమియు చెప్పినట్లు కాదు. కావున అన్ని పదములకును ఒకే మూసలో వాక్యము పోయుట ఏకరూపత పేరిట జరుగు అన్యాయము. ద్రుతము వ్యాకరణమున నకారము, తాళమున రెండక్షరముల కాలము. లఘువు ఛందస్సున ఒక మాత్ర. తాళమున జాతిని బట్టి 3, 4, 5, 7, 9 అక్షరములు. ఛందస్సునుండి ఎత్తి వ్రాసిన లక్షణమును సంగీతగ్రంథమునకు అన్వయించిన వ్యాసములు పరీక్షకుల చేతికి వచ్చుచునే యున్నవి. దోషము విద్యార్థిది సగము. శాస్త్రసంకేతము వేయని కోశముది సగము.

ధాతువు అను మాట మరింత ఆలోచింపదగినది. వ్యాకరణమున క్రియామూలము, ఆయుర్వేదమున రసరక్తాదులు ఏడు, రసాయనశాస్త్రపు తెలుగు పుస్తకములలో లోహమును తీయదగిన ఖనిజము. ఈ మూడవ అర్థమున 'తీయదగిన' అను మాటను తొలగింపరాదు. బంకమన్నులోను అల్యూమినియము కలదు. అయినను ధాతువనిపించుకొనునది బాక్సైటు, లాభముతో తీయవచ్చునది అదియే గావున. అనగా రసాయనశాస్త్రపు లక్షణములో అంగడిధర కూడ నొక భాగము. ధర మారిననాడు, క్రొత్త పద్ధతి దొరకిననాడు, నేడు ధాతువు కానిది రేపు ధాతువగును. పదావళుల జాబితాలు ఇంగ్లీషు మాట కెదురుగా 'ధాతువు' అని వ్రాసి తృప్తిపడును. పాఠ్యగ్రంథములు తెలిగించువారికి ఆ జాబితాలు అవసరములే. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి ఈ కృషిని మేము తక్కువ చేయము. సమానపదము దొరకుట వేరు, లక్షణము దొరకుట వేరు, అంతే.

లక్షణము కాలముతో మారుననుటకు 'గ్రహము' కంటె మంచి సాక్ష్యము లేదు. జ్యోతిషమున గ్రహములు 9. సూర్యచంద్రులును రాహుకేతువులును అందు చేరుదురు, భూమి చేరదు. ఖగోళశాస్త్రమున సూర్యుడు నక్షత్రము, చంద్రుడు ఉపగ్రహము, రాహుకేతువులు చంద్రమార్గము క్రాంతివృత్తమును ఖండించు బిందువులు, భూమి గ్రహము. తాళశాస్త్రమున గ్రహమనగా తాళావర్తనమున పాట యెత్తుకొను చోటు. ఖగోళమున సయితము లక్షణము నిలుకడగా లేదు. 1801లో కనుగొనబడిన సెరిస్ కొన్ని దశాబ్దములు గ్రహముల లెక్కలో నుండి తొలగిపోయెను. 2005లో ఎరిస్ వార్త వెలువడగా, ప్లూటోను ఒప్పుకొన్నచో దీనిని కూడ ఒప్పుకొనవలసివచ్చెను. ఇది అతివ్యాప్తి భయమే. 2006 ఆగస్టులో ప్రాగు నగరమున అంతర్జాతీయ ఖగోళ సంఘము మూడు నియమములు చేసెను: సూర్యుని చుట్టు తిరుగవలెను, తన గురుత్వముచే గుండ్రనై యుండవలెను, తన మార్గపు పరిసరమును ఖాళీచేసికొని యుండవలెను. మూడవ నియమముచే ప్లూటో మరుగుజ్జు గ్రహమయ్యెను. ఇతర నక్షత్రముల చుట్టు తిరుగు గ్రహములు 1990ల నుండి దొరకుచుండగా, మొదటి నియమము వానిని విడిచినది; తార్కికుడు దీనిని అవ్యాప్తి యనును. మేమట్లనము. ఆ నిర్ణయము మన సౌరకుటుంబమునకు పరిమితమని ముందే చెప్పియుండిరి; క్షేత్రము చెప్పిన పిదప ఆ క్షేత్రపు వెలుపలిది తప్పిపోయిన దోషము కాదు. 2006కు పూర్వపు తెలుగు కోశమున ఖగోళశాస్త్రము క్రింద కూడ గ్రహములు 9 అనియే యుండును. ఆ తొమ్మిదియు నవగ్రహముల తొమ్మిదియు వేరని తెలియని విద్యార్థి రెండు పంక్తులను ఒక్కటిగా చదువుటలో ఆశ్చర్యము లేదు. లక్షణము ప్రక్కన సంవత్సరము వేయుటకు నాలుగంకెల చోటు చాలును.

ఈ సంవత్సరము ఆకాశపు మాటలకే కాదు, నేల మీది మాటలకును కావలెను. మోటలు నడచుచున్న కాలమున 'ఎడ్లతో తోలుదురు' అని వ్రాసిన వాక్యము నాటికి సత్యము. విద్యుత్తు పంపులు వచ్చిన పిదప వెలువడు కోశము దానినే ఎత్తి వ్రాసినచో అసత్యము పలికినట్లగును. 'తోలెడివారు' అని కాలము మార్చి వ్రాయుట సులభముగా కన్పట్టును గాని, అట్లు మార్చినవాడు ఎచ్చట, ఎప్పటివరకు అను ప్రశ్నలకు బద్ధుడగును. వానికి జవాబు ఏ నిఘంటువులోను లేదు. మోట తోలిన చేతులవారివద్ద నున్నది, వారిలో పెక్కురు వృద్ధులు. మా శాఖలలో వృత్తిపదములపై పనిచేయు విద్యార్థులు పాత కోశవాక్యమును చేతబట్టి వారివద్దకు పోయి చదివి వినిపింపవలెను. మోకు ఎన్ని బారలు, తిత్తి ఏ తోలుతో కుట్టెడివారు, ఎడ్లు వాలున దిగిన పిదప వెనుకడుగులతోనే మీదికి వచ్చెడివా లేక మోకు విప్పి త్రిప్పి తెచ్చెడివారా యనునవి అడిగి, ఊరిపేరుతో వ్రాసికొని రావలెను.